ఓరగా పట్టిన కొలత

షువైఖ్,
2024 జూన్ 9.

వఫ్రా టమాటాలన్నిటికీ మేనమామ అయిన మునీంద్రకి,

మీ తోటకీ మా షాపుకీ మధ్య బండి తోలే లాల్ బాషా ఈ కవరూ, దాంతోపాటు ఒక చెక్క పెట్టీ నీ చేతికి ఇస్తాడు. పెట్టె చూసి మిఠాయి అనుకుని మూత నాకేవు. అందులో ఉన్నది వెంట్రుక మందం కూడా కొలిచే మైక్రోమీటరు. మా వర్క్‌షాపుది. పోగొట్టావంటే ఫోర్‌మన్ నా చర్మం వొలిచి దానికి కొత్త సంచీ కుట్టిస్తాడు.

మూడేళ్ళు గ్రీన్‌హౌస్‌లో దోసకాయలతో పాటు నువ్వూ ఉడికావు. ఇప్పుడు పంపు రూము నీ చేతికి ఇచ్చారని లాల్ బాషా చెప్పాడు. కొలతలు సరిగ్గా తీసి పంపులు ఆగకుండా చూసుకుంటే ఉంచుతానని, లేకపోతే మళ్ళీ దోసకాయల దగ్గరికేనని మీ తోట యజమాని కఫీల్ అన్నాడంట కదా. ఏం భయపడకు. నువ్వు మా ఫర్వానియా రూములో ఉన్న ఏడాది నీకు చేపల పులుసు నేర్పాను, అరబ్బీలో నాలుగు బూతులు నేర్పాను. ఇది మూడో విద్య. నువ్వు పదో తరగతి, నేను ఆరో తరగతి, అయినా గురువుని నేనే. ఇది కువైట్, ఇక్కడ ఇలాగే ఉంటది.

మా షాపు రూలు ఒకటుంది. అరిగిన షాఫ్టు గానీ, విరిగిన చక్రం గానీ ఏది పంపినా దాంతో కొలత చీటీ రావాలి. కింద కొలిచినోడి సంతకం ఉండాలి. ఫోన్లో చెప్పిన కొలతకి మా ఫోర్‌మన్ లేతు తిప్పనివ్వడు. కాబట్టి నువ్వు చీటీ రాసి, వెనకాల నాకు నాలుగు ముక్కలు రాయి. నేనూ రాస్తాను. నా రాత కోడి కెలికినట్టు ఉంటదని నవ్వితే ఊరుకోను.

ఇప్పుడు చెవి ఇటివ్వు. ముందు షాఫ్టుని గుడ్డతో శుభ్రంగా తుడు. ఇసక రేణువు ఒక్కటి ఉన్నా కొలత అబద్ధం చెప్తది. మైక్రోమీటరు చివర చిన్న పిడి ఉంటది, దాన్ని వేళ్ళతో తిప్పు. టిక్ టిక్ టిక్ అని మూడు సార్లు అన్నాక ఆపెయ్. సోడా మూత బిగించినట్టు బిగించకు.

అసలు కిటుకు ఇక్కడుంది. ఇది ఏ పుస్తకంలోనూ రాసుండదు. మన ఊళ్ళల్లో అయితే మైక్రోమీటరుని షాఫ్టుకి తిన్నగా అడ్డంగా పెడతారు. ఇక్కడ అలా పెట్టకూడదు. యాభై డిగ్రీల ఎండకి ఇనుం ఉబ్బుతాది. ఆ ఉబ్బు లెక్కలోంచి పోవాలంటే మైక్రోమీటరుని కాస్త ఓరగా పట్టాలి. ఎంత ఓరగా అంటావా, పెళ్ళికొడుకు తలపాగా ఎంత ఓరగా పెట్టుకుంటాడో అంత. అలా పట్టుకుని, ఊపిరి బిగబట్టి, టిక్ టిక్ టిక్. ఎవరు చూసి ఏమన్నా సరే, మార్చకు. ముప్పై ఏళ్ళ అనుభవం నీకు ఊరికే ఇస్తున్నాను.

మొదటి చీటీ తొందరగా పంపు.

నీ గురువు, షువైఖ్ లేతుల మహారాజు,
సత్యం


వఫ్రా,
2024 జూన్ 15.

సత్యం అన్నకు మునీంద్ర నమస్కారం.

మైక్రోమీటరు వచ్చింది. దాన్ని చూస్తే బంగారు అంగట్లో తక్కెడ మాదిరి ఉందన్నా, ముట్టుకోవాలంటే భయమేసింది. తువ్వాల్లో చుట్టి నా పెట్టెలో బట్టల కింద పెట్టుకొన్నా.

నువ్వు చెప్పినట్టే చేసినా. పంపు షాఫ్టు కిరసనాయిలుతో తుడిచినా. ఓరగా పెట్టినా. మొదట ఎక్కువ ఓరగా అయిపోయి జారిపోతా ఉండె. పది సార్లు పెట్టి చూసినాక చెయ్యి కుదిరింది. ఇప్పుడు ఎన్ని సార్లు పెట్టినా ఒకే అంకె వస్తాంది. చీటీ దీంతో ఉంది. అరిగిన షాఫ్టు కూడా నువ్వు చెప్పినట్టు గోనెసంచిలో కట్టి పంపినా.

చీటీలో అంకెలు ముత్యాల మాదిరి ఉండాయి కదా. అవి నావి కాదు. నా బామ్మర్ది గంగులయ్య రాసినాడు. వెంకటేశ్వరి తమ్ముడు. పోయిన నెల వచ్చినాడు, నేనే వీసా తీయించి పిలుచుకొస్తి. వాడికి రాత బాగుంటాది. నేను కొలిచి చెప్తే వాడు రాస్తాడు, కింద నేను సంతకం పెడతా. వాణ్ణి కూడా పంపు పనిలోకి తీసుకోమని కఫీల్‌ను అడిగినా, ముందు నువ్వు నిలబడు, తర్వాత చూస్తాం అన్నాడు. మీ అక్కయ్య కండ్లల్లో వొత్తులు వేసుకొని చూస్తాంది అని గంగులును ఎగతాళి చేస్తా ఉంటా. వాణ్ణి జాగ్రత్తగా చూసుకొంటానని ఆమెకు మాటిచ్చి తీసుకొచ్చినా అన్నా.

ఓరగా పెట్టే సంగతి మా పక్కన ఎవరికీ తెలీదు. నువ్వు చెప్పకపోయింటే నేను కూడా తిన్నగానే పెట్టేవాణ్ణి. నీ మేలు మరిచిపోను.

మునీంద్ర


షువైఖ్,
2024 ఆగస్టు 18.

కొలతల సామ్రాట్టు మునీంద్రుల వారికి,

నీ చీటీలు మొత్తం ఏడు వచ్చాయి. టీ టైములో మేం వాటి కోసమే ఎదురుచూస్తున్నాం అంటే నమ్ము. మొన్న నీ చీటీ రాగానే బుడేన్ సాహెబ్ టీ గ్లాసు కింద పెట్టి మరీ చదివించుకున్నాడు. ఈయన మా షాపులో అందరికన్నా పెద్ద టర్నరు, నాకు పని నేర్పింది ఆయనే. నీ పేరు ఇప్పుడు షువైఖ్‌లో మూడు వర్క్‌షాపులకి తెలుసు. మంత్రిగారికి కూడా అంత పేరు లేదు.

నీ కొలతలు కాస్త బొద్దుగా వస్తున్నాయి. ఏం పర్లేదు, నేను ఇక్కడ చూసుకుంటున్నాను. పాత ముక్క సంచీలో ఎలాగూ వస్తది కదా. నువ్వు మాత్రం పద్ధతి మార్చకు. పంపులు తిరుగుతున్నాయా లేదా, అది చెప్పు.

గంగులయ్య రాత నిజంగానే బాగుంది. పెళ్ళి శుభలేఖలు రాయించుకోవచ్చు. ఆణ్ణి ఒక శుక్రవారం ఫర్వానియా తీసుకురా. నీకు ఒక పెద్ద విషయం చెప్పాలి, అందరి ముందూ చెప్పాలి. చేపల పులుసు నాది, టీ కూడా నేనే తాగిస్తాను. ఆ టీ ఎందుకో అప్పుడు తెలుస్తది.

సత్యం


వఫ్రా,
2024 అక్టోబర్ 6.

సత్యం అన్నకు,

శుక్రవారం రావాలంటే బస్సులు లేవు, లాల్ బాషా బండికి శుక్రవారం సెలవు. ఎప్పటికైనా వస్తాం. గంగులు నిన్ను చూడాలని గోల చేస్తాండాడు. నీ ఉత్తరాలు వాడే నాకు గట్టిగా చదివి వినిపిస్తాడు, చదివేటప్పుడు నీ మాదిరి గొంతు పెట్టేకి చూస్తాడు.

పంపులు బాగా తిరుగుతాండాయి. కఫీల్ వచ్చి నా భుజం తట్టి పోయినాడు. జనవరి నుంచి గంగులును కూడా ఈ పనిలోకే రాస్తానన్నాడు.

ఒకటి అడగాలన్నా. పక్క తోటలో పంజాబు ఆయన ఒకాయన ఉండాడు, ముసిలాయన, ముందు రైల్వేలో చేసినాడంట. మొన్న నేను షాఫ్టు కొలస్తా ఉంటే చూసి నవ్వినాడు. నా చేతిలోది తీసుకొని తిన్నగా పెట్టి చూపించినాడు. ఆయన పెడితే అంకె తక్కువ వచ్చింది. ఓరగా పెట్టేది ఎవడు నేర్పినాడురా అన్నాడు. మా ఉస్తాద్, ముప్పై ఏళ్ళు లేతు మీద ఉన్నాడు, ఆయన చేతి కింద చేసిన పంపులు చూడు ఎట్ల తిరుగుతాండాయో అని గట్టిగా చెప్పినా. ఆయన తల అడ్డంగా ఊపి వెళ్ళిపోయినాడు.

కోపంతో కాదన్నా, నేర్చుకొనేకి అడుగుతాండా. ఏది సరి?

మునీంద్ర


షువైఖ్,
2024 అక్టోబర్ 13.

మునీ,

పంజాబాయనకి రైలు పెట్టెలు తెలుసు, వఫ్రా ఎండ తెలీదు. ఆయన రైల్వేలో ఏం చేశాడో కనుక్కో, టిక్కెట్లు చింపేవాడేమో.

పంపులు తిరుగుతున్నాయా? తిరుగుతున్నాయి. కఫీల్ భుజం తట్టాడా? తట్టాడు. మరింక నీకు అనుమానం ఎందుకు. నువ్వు ఫర్వానియా రా, అప్పుడు అన్నీ చెప్తాను. అప్పటిదాకా తలపాగా ఓరగానే ఉండనీ.

మా షాపుకి అయ్యప్ప అని ఒక కొత్త కుర్ర టర్నరు వస్తున్నాడు. వచ్చే నెల నుంచి నా పక్క లేతు ఆడిదే. పాపం, ఆణ్ణి ఏం చెయ్యాలో ఆలోచిస్తున్నాను.

సత్యం


వఫ్రా,
2024 డిసెంబర్ 11.

సత్యం అన్నకు,

ఇది తొందర పని. బోరులోంచి మోటారును పైకి లాగే వించి ఉంది కదా, దాని పెద్ద పళ్ళచక్రం పగిలిపోయింది. మూడు ముక్కలయింది. రెండు ముక్కలే దొరికినాయి, అవి సంచీలో ఉండాయి. ఇరుసు మాత్రం వించికే ఉంది, దాన్ని ఊడదీసేకి కాదు. అందుకని ఇరుసును ఇక్కడే కొలిచి చీటీ పంపుతాండా. చక్రం మధ్య బొక్క ఈ కొలతకు సరిగ్గా చేయించు. నలభై అయిదు మిల్లీమీటర్ల మీద పదిహేడు గీతలు.

రెండు బోర్లు ఆగిపోయినాయి. టమాటా వాడిపోతాంది. కఫీల్ రోజూ వచ్చి నిలబడతాండాడు. ఈ మోటారు పైకి తీసి బాగుచేస్తే గంగులు పని ఖాయం అన్నాడు. వాడు నిన్నటి నుంచే పంపు రూములో పడుకొంటాండాడు, అప్పుడే వాడిదైపోయినట్టు.

పొద్దున చలికి చేతులు కొంకర్లు పోతాండాయి. అయినా పది సార్లు కొలిచినా.

మునీంద్ర


ఫర్వానియా,
2024 డిసెంబర్ 24.

తమ్ముడు మునీంద్రకి,

గంగులయ్య సంగతి లాల్ బాషా చెప్పాడు. ఏం రాయాలో తెలీడం లేదు. నేను పది రోజులు కిడ్నీలో రాయితో ఆసుపత్రిలోనూ, తర్వాత ఈ రూములో మంచం మీదా ఉన్నాను. మొన్నే పనిలోకి ఎళ్ళాను. నీ చక్రం నేను చెయ్యలేదు. అయ్యప్ప చేశాడు.

ఆ వించి పాతది. అలాంటి వాటి మీద బరువు ఎత్తకూడదు. చక్రాన్ని ఇరుసుకి పట్టి ఉంచే ఇనప మేకు అరిగిపోయి ఉంటది. అది విరిగితే ఎవరూ ఏమీ చెయ్యలేరు. ఇలాంటివి జరుగుతాయి. నీ తప్పు ఏం లేదు. నువ్వు మనసులో ఏం పెట్టుకోకు.

ఆణ్ణి ఇంటికి పంపేటప్పుడు నువ్వు కూడా ఎళ్ళగలిగావా? తినడం మానెయ్యకు. లాల్ బాషాతో కొంచెం చేపల పచ్చడి పంపుతున్నాను.

సత్యం


వఫ్రా,
2025 జనవరి 5.

సత్యం అన్నకు,

పచ్చడి అందింది. గంగులు మంచం పక్కన పెట్టినా, తినేకి కాలేదు.

నన్ను పంపలేదన్నా. కేసు తేలే దాకా దేశం దాటకూడదని రాసినారు. గంగులు ఒక్కడే పెట్టెలో పోయినాడు. తిరుపతి నుంచి ఊరికి అంబులెన్సులో తీసుకుపోయిరంట.

ఏం జరిగిందో నీకు రాస్తా, ఎవరికైనా చెప్పుకోవాల. చక్రం వచ్చిన రోజు నేను దాన్ని ఇరుసుకు తొడిగినా. సుత్తి అవసరం లేకుండా చేత్తోనే ఎక్కింది. నాకు ఎంత సంతోషమైందో. మా అన్న కొలత అంటే ఇట్ల ఉంటాది అని గంగులుతో అన్నా. మోటారు పైకి వచ్చింది, పైపులు కూడా వచ్చినాయి. చక్రం కొంచెం ఊగుతా ఉంది, కొత్తది కదా సర్దుకుంటాది అనుకొంటి. గంగులు బోరు నోటి దగ్గర వంగి పైపుకు క్లాంపు బిగిస్తా ఉండె. చక్రం ఇరుసు మీద తిరిగిపోయింది. మేకు తెగిపోయింది. పైపులు కిందికి పోతా క్లాంపు వాడి ఎదురురొమ్ముకు తగిలింది. నా పేరు కూడా పిలవలేదన్నా.

ఆ సాయంత్రం పోలీసులు పోయినాక నేను ఆ ఇరుసు మళ్ళీ కొలిచినా. ఓరగా పెడితే నలభై అయిదు మీద పదిహేడు. తిన్నగా పెడితే నలభై అయిదు మీద రెండు. పదిహేను గీతలు తేడా, మందం కాగితమంత. మూడు రోజులు ఆలోచించినా. అప్పుడు తెలిసింది.

ఓరగా పెట్టేది ఎండకాలంలోనే కదా. ఇనుం ఉబ్బేది ఎండకు. నేను డిసెంబరు చలిలో కూడా ఓరగా పెట్టినా. నువ్వు ఎండకని చెప్పినావు, చలిలో ఎట్ల పెట్టాలో నేనే అడగాల్సింది. తెలివి ఉంటే అడిగుండును. పంజాబాయన చూపించినా వినకపోతి.

ఈ మాటే స్టేషన్లో చెప్పినా. కొలత నాది, సంతకం నాది, ఎండకాలం పద్ధతి చలికాలంలో పెట్టినా, తప్పు నాది అని. తర్జుమా చేసే హైదరాబాదాయన రాసుకొన్నాడు. వెంకటేశ్వరికి కూడా అట్లే చెప్పినా. దాచేకి మనసు రాలేదు. మా తమ్మున్ని నీ చేతుల్లో పెట్టినా అంది. అంతే. అప్పటి నుంచి ఫోన్ ఎత్తడం లేదు. పదహారేళ్ళ సంసారం అన్నా. నా కూతురుతో మాట్లాడాలన్నా ఇవ్వడం లేదు.

నీ మీద ఏ మాటా రాకూడదని నీ పేరు యాడా చెప్పలేదు. నేర్పిన వాడిది ఏం తప్పు. నేర్చుకొన్న వాడిదే.

మునీంద్ర


ఫర్వానియా,
2025 జనవరి 9.

మునీంద్రా,

ఈ ఉత్తరం కూర్చుని చదువు. మధ్యలో ఆపకు.

చలికాలం పద్ధతి అని ఒకటి లేదు. ఎండకాలం పద్ధతి అని కూడా లేదు. ఓరగా పట్టడం అనేదే లేదు. అది నేను ఆడిన వేళాకోళం.

వర్క్‌షాపులో కొత్తోడు వస్తే ఇలాంటిది ఒకటి చెప్పడం మాకు అలవాటు. నాకు బుడేన్ సాహెబ్ చేశాడు, మేమిద్దరం ఇక్కడికి రాకముందు రాజమండ్రిలో, నేను పదిహేనేళ్ళ వాడినప్పుడు. మైక్రోమీటరుని ఓరగా పట్టమన్నాడు. నేను పట్టాను. అరగంటకి పక్కనున్నోళ్ళంతా పొట్ట పట్టుకుని నవ్వారు, నాకు ఏడుపొచ్చింది, ఆయన టీ తాగించి అసలుది నేర్పాడు. నేను కూడా ఇక్కడ ఎంతోమందికి చేశాను. ఎవరికీ ఒక పూట దాటలేదు. పక్కనే ఉంటాం కదా, చూసి ఎవడో ఒకడు నవ్వేస్తాడు, బయటపడిపోద్ది. నీ పక్కన నేను లేను. కాగితం మీద రాశాను. ఎండా, ఉబ్బూ అని ఒక అబద్ధం కూడా అతికించాను, ఇక్కడి ఎండకి బాగా కుదిరిందని నాకే ముచ్చటేసింది.

మొదటి చీటీ వచ్చినప్పుడే చెప్పేసి ఉంటే అయిపోయేది. నువ్వు నమ్మావని తెలిసి మేమంతా నవ్వుకున్నాం. నీ చీటీలు టీ టైములో చదివేవాళ్ళం. పనికి మాత్రం వాటిని వాడలేదు. ప్రతిసారీ పాత ముక్క సంచీలో వచ్చేది, దాన్ని నేను తిన్నగా కొలుచుకుని చేసేవాణ్ణి. నీ పంపులు అందుకే తిరిగాయి. నీ కొలత వల్ల కాదు.

అక్టోబర్లో నువ్వు అడిగావు. ఏది సరి అని. అప్పుడు ఒక్క లైను రాస్తే చాలు. ఫర్వానియాలో అందరి ముందూ చెప్తే ఎంత బాగుంటదో అనుకుని ఆపాను. పంజాబాయన్ని ఎగతాళి చేశాను. ఆ ఒక్క లైను నేను రాయలేదు.

చక్రం వచ్చినప్పుడు ఇరుసు వించికే ఉంది. పగిలిన ముక్కల్లో బొక్క కొలత దొరకదు. కాబట్టి ఉన్నది నీ చీటీ ఒక్కటే. నేను మంచం మీద ఉన్నాను. అయ్యప్పకి ఈ వేళాకోళం గురించి తెలీదు, ఆడు వచ్చే ముందు సంగతి; తొందర పనని చీటీ సరాసరి ఆడి లేతు దగ్గరికే ఎళ్ళింది, మాలో ఎవరూ చూడలేదు. చీటీ చూసి, కింద సంతకం చూసి, నలభై అయిదు మీద పదిహేడు గీతలకి బొక్క చేశాడు. ఆడి పని సరిగ్గా చేశాడు. అలాంటి చక్రం సుత్తితో కొడితే గానీ ఇరుసు మీదికి ఎక్కకూడదు. నీకు చేత్తో ఎక్కింది, ఆ వదులే ఊగి ఊగి మేకుని తెంపింది.

నేను పనిలోకి ఎళ్ళిన రోజు ఆ చీటీ చూశాను. గంగులయ్య రాత. నాకు అప్పుడే అర్థమైంది. అయినా నీకు పాత వించి అనీ మేకు అనీ రాశాను. నువ్వు ఎప్పటికీ కనిపెట్టవని అనుకున్నాను. నువ్వు కనిపెట్టి కూడా నా మాటే నిజమని నమ్మి తప్పు నీ నెత్తిన వేసుకున్నావు.

సరైన పద్ధతి ఇది. జూన్లోనే రాయాల్సింది.

షాఫ్టూ, మైక్రోమీటరు రెండు మొహాలూ తుడవాలి. ముందు మైక్రోమీటరుతో వచ్చే చిన్న కడ్డీ పెట్టి సున్నా సరిగ్గా ఉందో లేదో చూడాలి. కదలని మొహాన్ని షాఫ్టుకి ఒక పక్క ఆనించాలి. కదిలే మొహం దానికి సరిగ్గా ఎదురుగా రావాలి, మధ్యలో షాఫ్టు నడిబొడ్డు ఉండాలి. షాఫ్టు పొడుగుకి మైక్రోమీటరు నిట్టనిలువుగా అడ్డం ఉండాలి, ఏ పక్కకీ వాలకూడదు. వాలిందంటే మొహం అంచులు తగిలి కొలత పెద్దది వస్తది. అందుకే చేత్తో మెల్లిగా ఊపి చూడాలి. గుండ్రం మీద అటూ ఇటూ ఊపితే ఎక్కడ అన్నిటికన్నా పెద్దదిగా వస్తదో అదీ నడిమి. పొడుగు వెంట అటూ ఇటూ ఊపితే ఎక్కడ అన్నిటికన్నా చిన్నదిగా వస్తదో అదీ నిటారు. ఆ రెండూ కలిసిన చోట చిన్న పిడి మూడు టిక్‌లు. తియ్యక ముందే, కన్ను తిన్నగా పెట్టి చదవాలి. అదే చోట షాఫ్టుని పావు వంతు తిప్పి ఇంకోసారి. అంతే.

పంజాబాయన చూపించింది ఇదే.

రేపు లాల్ బాషా బండిలో వఫ్రా స్టేషనుకి వస్తున్నాను. ఇప్పుడు రాసినదంతా అక్కడ చెప్తాను, సంతకం పెడతాను. మా కఫీల్‌కి పొద్దున చెప్పాను. ఖలాస్ అని ఒక మాట అని ఇంట్లోకి ఎళ్ళిపోయాడు. ఇక్కడ ఉండనిచ్చే ఇఖామా కాగితం ఉంటదో పోద్దో తెలీదు. తోటకి రాను. నీకు మొహం చూపించే ధైర్యం నాకు లేదు.

సత్యం


వఫ్రా,
2025 జనవరి 16.

సత్యానికి,

నీ ఉత్తరం చదివినా. మొదటిసారి చదివినప్పుడు ఇది కూడా నీ తమాషానే అనుకొంటి. మా అన్న నన్ను ఓదార్చేకి తప్పు మీదేసుకుంటాండాడు అని. రెండోసారి చదివినాక తెలిసింది.

నిన్న స్టేషనుకు పిలిచిరి. నువ్వు సంతకం పెట్టిన కాగితం ఉంది. తర్జుమా ఆయన నన్ను అడిగె, నీ స్నేహితుడు నిన్ను కాపాడేకి కథ చెప్తాండాడా, యాభై ఏళ్ళ మనిషి ఇట్లాంటి పని చేస్తాడా అని. ఆయనకు నమ్మకం రాలేదు. చేస్తాడు సార్ అన్నా. నా దగ్గర నీ ఉత్తరాలు ఉండాయని చెప్పినా. తీసుకొని రమ్మన్నారు. జూన్ది, అక్టోబర్ది రెండూ ఇచ్చినా. నీ మీద జాలి చూపించి దాచలేదు. ఇది తెలుసుకో.

గంగులు నీ జూన్ ఉత్తరం గట్టిగా చదివి వినిపించిన వాడు. తలపాగా మాట దగ్గర పడిపడి నవ్వినాడు. మంచాయన బావా ఈయన, మన ఊర్లో ఉంటే ఎంత బాగుండు అన్నాడు.

నాకు ఇంక ఉత్తరం రాయాలంటే ఒక పని చేసినాకనే రాయి. వెంకటేశ్వరికి నేను చెప్తే నమ్మదు. తప్పు వేరే వాడి మీద తోస్తాండాడు అనుకొంటాది. నువ్వు చెప్పు. కాగితం మీద వద్దు, కాగితం మీద నువ్వు బాగా రాస్తావు. ఫోన్ చెయ్యి. నోటితో చెప్పు. ఆమె ఏమంటే అది విను. మధ్యలో నవ్వించే మాట ఒక్కటి కూడా రాకూడదు.

నంబరు కింద రాసినా.

మునీంద్ర


ఫర్వానియా,
2025 జనవరి 19.

మునీంద్రా,

ఫోన్ చేశాను.

నిన్న పొద్దున పదిన్నరకి. రెండు సార్లు ఎత్తలేదు. మూడోసారి ఎత్తింది. నేను ఫలానా అని చెప్పగానే పెట్టేస్తాదనుకున్నాను. పెట్టలేదు. "మీరేనా సత్యం అన్న, గంగులు మీ గురించి చెప్పేవాడు" అంది. లేచి రూము తలుపు మూసుకున్నాను.

తర్వాత చెప్పాను. మొదటి నుంచి చెప్పాను. ఓరగా పట్టమన్నది, నువ్వు నమ్మింది, మేం చీటీలు చదువుకున్నది, నువ్వు అక్టోబర్లో అడిగింది, నేను చెప్పనిది. నువ్వు పది సార్లు కొలిచావని చెప్పాను. నేర్పినట్టే నువ్వు ఒక్క గీత తేడా లేకుండా చేశావని చెప్పాను. వెనకాల ఎవరో బిందె నింపుతున్న చప్పుడు వచ్చింది, అది ఆగిపోయింది.

చివరికి అడిగింది. "ఎన్నాళ్ళు నవ్వుకొన్నారు?"

జూన్ నుంచి అక్టోబరు దాకా అన్నాను.

"ఆ చీటీలు మా తమ్ముడు రాసినాడంట గదా. వాడి రాతను జూసి గూడా నవ్వినారా?"

అవునమ్మా అన్నాను. అందరం నవ్వాం అన్నాను. ఆమెకి ఇంకో అబద్ధం చెప్పడం నా వల్ల కాలేదు.

ఏడుస్తాదేమో, తిడతాదేమో అని చెవి దగ్గర ఫోన్ గట్టిగా నొక్కి పట్టుకున్నాను. తిట్టలేదు. ఒకటే అంది. "మా ఆయన కొలత తప్పులేదు అంటాండారు. అంతే గదా."

అంతే అన్నాను.

"నేను ఆయన్ను ఇన్ని రోజులు ఒక్క మాట గూడా మాట్లాడనీయలా. పాప ఏడిస్తే గూడా ఇయ్యలా." అంది. "ఆయన్ను చెయ్యమను. మీరు మాత్రం ఇంక చెయ్యద్దండి."

పెట్టేసింది.

స్టేషన్లో నా సివిల్ ఐడీ తీసుకున్నారు. ఈ నెలాఖరున మళ్ళీ రమ్మన్నారు. ఏమవుద్దో తెలీదు. ఊళ్ళో మా ఆవిడ చంద్రావతికి ఇంకా చెప్పలేదు, ఈ పూట చెప్తాను. షాపులో బుడేన్ సాహెబ్ నా మొహం చూడటం లేదు. అయ్యప్ప మాత్రం వచ్చి రూములో గంటసేపు కూర్చుని ఎళ్ళిపోయాడు. ఆడికీ నిద్రలు లేవు.

నువ్వు జవాబు రాయక్కర్లేదు. నాకు రాయకు. ఈ కాగితం అందగానే ఆమెకి ఫోన్ చెయ్యి. ముందు పాపతో మాట్లాడు.

వెంకటసత్యనారాయణ